అకౌంట్‌కి చట్టం అడిగేది నాలుగే

అమెరికాలో దిగిన మూడో రోజో నాలుగో రోజో, జెట్‌ల్యాగ్ ఇంకా వదలకముందే, కొత్తగా వచ్చిన విద్యార్థిని సీనియర్ ఎవరో కారెక్కించుకుని బ్యాంకుకు తీసుకెళ్తారు. చేతిలో పాస్‌పోర్టు, ఐ-20 (విద్యార్థి వీసాకు యూనివర్సిటీ ఇచ్చే పత్రం), యూనివర్సిటీ ఇచ్చిన ఉత్తరం, ఇండియాలో తీసుకున్న ఫోరెక్స్ కార్డు ఉంటాయి. కౌంటర్‌లో మనిషి నవ్వుతూ పలకరించి సోషల్ సెక్యూరిటీ నంబర్ (అమెరికా ప్రభుత్వం ఒక్కో మనిషికి ఇచ్చే సంఖ్య) అడుగుతుంది. ఇంకా లేదని చెబితే, అది వచ్చాక రమ్మంటుంది. రెండు వీధుల అవతల అదే బ్యాంకు ఇంకో బ్రాంచికి వెళ్తే, అవే కాగితాలతో అరగంటలో అకౌంట్ తెరుచుకుంటుంది. వాట్సాప్ గ్రూపుల్లో దీన్ని అదృష్టం కింద జమకడతారు. "ఫలానా బ్రాంచికి పో, అక్కడ ఈజీగా అయిపోతుంది" అని ఒకరు, "నాకు అక్కడే కుదర్లేదు" అని ఇంకొకరు. నిజానికి చట్టం అడిగేది ఒకటి, బ్యాంకు తన జాగ్రత్త కోసం అడిగేది మరొకటి, కౌంటర్‌లో కూర్చున్న మనిషికి తెలిసింది మూడోది. ఈ మూడూ కలగాపులగమై కనిపించడమే కొత్తవాళ్లకు వచ్చే అసలు చిక్కు.

ముందు చట్టం సంగతి. 2001 సెప్టెంబర్ 11 దాడులు జరిగిన ఆరు వారాలకే, అక్టోబర్ 26న పేట్రియాట్ చట్టం వచ్చింది. దాని 326వ సెక్షన్ ప్రకారం అకౌంట్ తెరిచే మనిషి ఎవరో బ్యాంకు తేల్చుకోవాలి. నిబంధనలు 2003లో ఖరారయ్యాయి, ఆ అక్టోబర్ 1 నుంచి బ్యాంకులు పాటించి తీరాల్సి వచ్చింది. అకౌంట్ తెరవకముందు బ్యాంకు తీసుకోవాల్సినవి నాలుగు: పేరు, పుట్టిన తేదీ, చిరునామా, ఒక గుర్తింపు సంఖ్య. అమెరికా పౌరుడైతే ఆ సంఖ్య పన్ను నంబరే కావాలి, అంటే మామూలుగా సోషల్ సెక్యూరిటీ నంబర్. బయటి దేశం మనిషికి మాత్రం నిబంధనే వేరుగా ఉంది. పన్ను నంబర్ ఉంటే సరే, లేకపోతే పాస్‌పోర్టు నంబరూ అది ఇచ్చిన దేశం పేరూ చాలు. ఫొటో ఉండి, జాతీయతనో నివాసాన్నో తెలిపే ఇంకే ప్రభుత్వ గుర్తింపు పత్రం నంబరైనా చెల్లుతుంది. అంటే సోషల్ నంబర్ లేనివాళ్లకు అకౌంట్ ఇవ్వకూడదని చట్టం ఎక్కడా అనలేదు.

మరి కౌంటర్‌లో ఆ మాట ఎందుకొస్తుంది? వివరాలు తీసుకోవడంతో బ్యాంకు పని అయిపోదు, అవి నిజమో కాదో కూడా సరిచూసుకోవాలి. ఎలా సరిచూసుకోవాలో ప్రతి బ్యాంకూ తనకు తాను రాతపూర్వకంగా ఒక పద్ధతి పెట్టుకోవాలని నిబంధన చెబుతుంది. అమెరికాలో పుట్టి పెరిగిన మనిషి నంబర్ కొడితే చాలు, పాత చిరునామాలు, అప్పులు అన్నీ తెర మీదికొస్తాయి. నిన్న దిగిన మనిషి గురించి ఆ తెర మీద ఏమీ రాదు. ఆన్‌లైన్ దరఖాస్తులు ఎక్కువగా సోషల్ నంబర్ గడి దగ్గరే ఆగిపోవడానికి కారణం ఇదే. బ్రాంచికి వెళ్తే పాస్‌పోర్టు చేత్తో పట్టుకుని చూసే మనిషి ఉంటారు. ఆ మనిషి ఇదివరకు విదేశీ విద్యార్థుల అకౌంట్లు తెరిచి ఉంటే ఏ స్క్రీన్‌లోకి వెళ్లాలో తెలుసు, లేకపోతే "కుదరదు" అనడమే తేలిక. యూనివర్సిటీ పక్కనున్న బ్రాంచిలో ఆగస్టు, జనవరి నెలల్లో వందలాది మంది ఇవే కాగితాలతో వస్తారు కాబట్టి అక్కడ పని జరుగుతుంది. ఊరి అవతల షాపింగ్ సెంటర్‌లో ఉన్న బ్రాంచికి ఏడాదికి ఇద్దరు వస్తే గొప్ప.

బ్యాంకు వైపు నుంచి చూస్తే లెక్క సులువుగానే అర్థమవుతుంది. నాలుగైదు వందల డాలర్లతో తెరిచే అకౌంట్ మీద వచ్చేది నామమాత్రం. అందులో ఏదైనా తేడా జరిగితే మాత్రం జరిమానా కోట్లలో. పైగా ఫలానా మనిషికి అకౌంట్ ఇచ్చి తీరాలని అమెరికాలో బ్యాంకును బలవంతపెట్టే ఫెడరల్ చట్టం లేదు. కెనడాలో అలా కాదు. అక్కడ గుర్తింపు పత్రాలు సరిగ్గా ఉంటే ఉద్యోగం లేదనో, డిపాజిట్ వేయడానికి డబ్బు లేదనో, గతంలో దివాలా తీశారనో బ్యాంకు అకౌంట్ నిరాకరించకూడదు. యూరోపియన్ యూనియన్‌లో 2014 నాటి ఆదేశం ప్రకారం చట్టబద్ధంగా ఉంటున్న ప్రతి ఒక్కరికీ ప్రాథమిక ఖాతా హక్కు. జర్మనీ దాన్ని 2016 జూన్ నుంచి అమల్లో పెట్టింది, స్థిరమైన చిరునామా లేనివాళ్లూ అడగొచ్చు. అయితే జర్మనీకి వెళ్లే విద్యార్థి కథ హైదరాబాద్‌లో ఉండగానే మొదలవుతుంది. వీసా కోసం ఏడాదికి 11,904 యూరోలు బ్లాక్డ్ అకౌంట్‌లో వేసి చూపించాలి, అక్కడికి చేరాక నెలకు 992 చొప్పున వదులుతారు. వదిలిన డబ్బు పడటానికి మళ్లీ మామూలు అకౌంట్ ఒకటి కావాలి, కాబట్టి అక్కడా బ్యాంకు గడప తొక్కక తప్పదు. హక్కు ఉన్నచోట కూడా తిప్పించుకోవడం ఉంటుంది, కానీ తిప్పితే ఫిర్యాదు చేయడానికి ఒక ఆధారం ఉంటుంది. అమెరికాలో ఆ ఆధారం లేదు. ఇంకో బ్రాంచికి నడవడమే దారి.

నాలుగు వివరాల్లో మొదటిది పేరు. వినడానికి ఇంతకంటే తేలికైనది లేదు, తెలుగువాళ్ల విషయంలో ఇంతకంటే పీటముడి ఇంకోటి లేదు. మనకు ఇంటిపేరు ముందు, పెట్టిన పేరు తర్వాత. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరంగా కుదించుకుపోయి ఉంటుంది. పాస్‌పోర్టు దరఖాస్తు నింపినప్పుడు ఏజెంటు సర్‌నేమ్ గడి ఖాళీగా వదిలేసి, మొత్తం పేరును గివెన్ నేమ్‌లో పోసేస్తే, అమెరికా వీసా మీద ఆ మొత్తం ఇంటిపేరు గడిలోకి జరిగి, అసలు పేరు ఉండాల్సిన చోట 'ఎఫ్‌ఎన్‌యూ' అని పడుతుంది. పేరు తెలియదు అని దాని అర్థం. బ్యాంకులో కొందరు దాన్నే పేరుగా కొట్టేస్తారు. డెబిట్ కార్డు మీద ఎఫ్‌ఎన్‌యూ అని అచ్చై వచ్చిన తెలుగువాళ్లు తక్కువేమీ కాదు.

సర్‌నేమ్ సరిగ్గా ఉన్నా చిక్కు తీరదు. గివెన్ నేమ్‌లో నాలుగు మాటలుంటే అమెరికన్ కంప్యూటర్ మొదటి మాటను ఫస్ట్ నేమ్ చేసి మిగతావి మిడిల్ నేమ్‌లోకి తోసేస్తుంది. అలా ఇంట్లో ఏనాడూ పిలవని 'వెంకట', 'నాగ', 'సాయి' పేర్లతో జీవితం మొదలవుతుంది. కార్డు మీద పేరుకు అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం దొరికే చోటు ఖాళీలతో కలిపి 26 ఇంగ్లిష్ అక్షరాలు. వెంకట సత్య నాగ సూర్యనారాయణ మూర్తి అని తాతగారి పేరు పెట్టుకున్నవాళ్లకు ఇంటిపేరు చేరకముందే ఆ చోటు అయిపోతుంది. కార్డు మీద కత్తిరించినా పెద్ద నష్టం లేదు. అకౌంట్ రికార్డులో మాత్రం పాస్‌పోర్టులో ఉన్నది ఉన్నట్టు, అదే వరుసలో, అదే స్పెల్లింగ్‌తో ఉండాలి. తర్వాత వచ్చే సోషల్ సెక్యూరిటీ కార్డు, జీతం జమ, పన్ను రీఫండ్ అన్నీ ఆ పేరుతోనే పోల్చి చూస్తారు. బ్యాంకులో సంతకం పెట్టేముందు తెర తిప్పి చూపించమని అడగడం తప్పేమీ కాదు, అడిగితే చూపిస్తారు.

పుట్టిన తేదీ దగ్గరా ఒక చిన్న మెలిక ఉంది. మన పాస్‌పోర్టులో రోజు ముందు, నెల తర్వాత. అక్కడ నెల ముందు. ఏప్రిల్ 7న పుట్టిన మనిషి 07/04 అని రాసి ఇస్తే జూలై 4న, సాక్షాత్తూ అమెరికా స్వాతంత్ర్య దినాన పుట్టినట్టు నమోదవుతుంది. 12వ తేదీ దాటి పుట్టినవాళ్లకు ఈ బాధ లేదు, 13వ నెల ఉండదు కాబట్టి కంప్యూటరే ఒప్పుకోదు.

చిరునామా దగ్గరికొస్తే సమస్య మారుతుంది. పోస్టాఫీసు బాక్స్ నంబర్ పనికిరాదు, మనిషి ఉండే చోటు కావాలి. కొత్తగా వచ్చిన విద్యార్థి మొదటి రెండు వారాలు సీనియర్ల ఇంట్లో హాల్లో పరుపేసుకుని ఉంటాడు. లీజు సీనియర్ పేరున, కరెంటు బిల్లు ఇంకొకరి పేరున. ఇల్లు తీసుకుందామంటే అడ్వాన్స్ కట్టడానికి అకౌంట్ కావాలి, అకౌంట్‌కేమో ఇంటి కాగితం కావాలి. ఇక్కడా చట్టం అనుకున్నంత కఠినంగా లేదు. సొంత నివాస చిరునామా లేని మనిషికి దగ్గరి బంధువుదో, సంప్రదించదగిన ఇంకో వ్యక్తిదో చిరునామా తీసుకోవచ్చని 2003 నిబంధనలోనే రాసి ఉంది. లీజు చూపించమనేది బ్యాంకు సొంత షరతు. ఎక్కువ చోట్ల యూనివర్సిటీ అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయం చిరునామాతో ఇచ్చే ఉత్తరం ఆ షరతును తీరుస్తుంది. ఉద్యోగం మీద వచ్చినవాళ్లకు కంపెనీ ఇచ్చే ఉత్తరం అదే పని చేస్తుంది.

అకౌంట్ తెరిచాక కార్డు పోస్టులో వస్తుంది. అపార్ట్‌మెంట్ మెయిల్‌బాక్సుల్లో చాలాచోట్ల తలుపు లోపలి అంచున, ఆ ఇంట్లో ఎవరెవరు ఉంటున్నారో రాసిన చీటీ అంటించి ఉంటుంది. పోస్ట్‌మ్యాన్ ఆ చీటీ చూస్తాడు. కవరు మీద పేరు అందులో లేకపోతే తిప్పి పంపేయొచ్చు. ఆ ఇంట్లో అప్పటికే ముగ్గురు సాయిలు ఉంటే నాలుగో సాయి కార్డు ఎవరి చేతికి చిక్కుతుందో చెప్పలేం. రెండు వారాల్లో ఇల్లు మారితే ఇంకో తిప్పలు. పోస్టాఫీసులో చిరునామా మార్పు ఇచ్చినా, కార్డు ఉన్న కవరును చాలా బ్యాంకులు కొత్త చిరునామాకు పంపనివ్వవు, వెనక్కే తెప్పించుకుంటాయి. పది నిమిషాలు కేటాయించి, ఒక స్టిక్కర్ మీద పాస్‌పోర్టు పేరు రాసి ఆ తలుపు లోపల అంటిస్తే తీరిపోయే పని ఇది. అక్కడే కార్డు తక్షణం అచ్చు వేసిచ్చే బ్రాంచి దొరికితే అసలు గొడవే లేదు.

ఇక ఎవరూ చదవకుండా సంతకం పెట్టే పన్ను కాగితం ఒకటుంది. అమెరికా పౌరులకూ, పన్ను చట్టం దృష్టిలో నివాసులైనవాళ్లకూ డబ్ల్యూ-9. కానివాళ్లకు డబ్ల్యూ-8బెన్. ఎఫ్-1 వీసా మీద వచ్చిన విద్యార్థి మామూలుగా మొదటి 5 క్యాలెండర్ సంవత్సరాలు పన్ను లెక్కలో నివాసి కాడు, కాబట్టి అతనికి రెండోది కావాలి. కౌంటర్‌లో అలవాటు కొద్దీ ట్యాబ్‌లెట్ మీద వచ్చేది మొదటిది. అందులో "నేను అమెరికా పౌరుణ్ణి లేదా ఇక్కడి పన్ను నివాసిని" అని ప్రమాణం చేసినట్టు ఒక వాక్యం ఉంటుంది, అబద్ధమైతే శిక్షకు లోబడతానని కూడా. తెలియక పెట్టిన సంతకానికి జైలుకు పంపరు గానీ, సేవింగ్స్ మీద వడ్డీ వచ్చినప్పుడు పన్ను లెక్క తారుమారవుతుంది. నిజానికి పన్ను లెక్కలో నివాసి కాని మనిషికి బ్యాంకు డిపాజిట్ వడ్డీ మీద అమెరికాలో పన్నే లేదు. ఆ మేలు దక్కాలంటే కాగితం సరిగ్గా ఉండాలి. డబ్ల్యూ-8బెన్ సంతకం చేసిన ఏడాది, ఆ తర్వాతి మూడేళ్లు దాకా చెల్లుతుంది, తర్వాత మళ్లీ ఇవ్వాలి.

సోషల్ నంబర్ ఎవరికి ఎప్పుడు వస్తుందన్నది వీసాను బట్టి ఉంటుంది. విద్యార్థికి క్యాంపస్‌లో ఉద్యోగమో, పనికి అనుమతో దొరికితేనే. హెచ్-1బి మీద వచ్చినవాళ్లు వెంటనే అర్హులే, అయినా ఇమిగ్రేషన్ రికార్డులు చేరడానికి కొన్ని రోజులు ఆగి దరఖాస్తు చేసుకోమంటారు. హెచ్-4 మీద భార్యగా వచ్చినవాళ్లకు పనికి అనుమతి లేకపోతే నంబరే లేదు. చాలా ఇళ్లలో ఈ కారణం చెప్పి ఆమెకు అకౌంట్ అవసరం లేదని తేల్చేస్తారు, భర్త కార్డుకు ఇంకో కార్డు తగిలిస్తారు. ఇది చట్టం పెట్టిన ఇబ్బంది కాదన్నది ఇప్పటికే చూశాం. పాస్‌పోర్టుతో ఆమె పేరున విడిగా అకౌంట్ తెరవొచ్చు, జాయింట్‌గానూ తెరవొచ్చు. కార్డు చేతిలో ఉండటం, అకౌంట్ మీద పేరుండటం ఒకటి కాదు. కాపురంలో ఏదైనా తేడా వచ్చిన రోజున ఆ తేడా బాగా తెలుస్తుంది.

అకౌంట్ వచ్చాక ఇండియా అలవాట్లు కొన్ని అడ్డం తిరుగుతాయి. మనకు రోజువారీ అకౌంట్ సేవింగ్స్. అక్కడ రోజువారీది చెకింగ్, సేవింగ్స్ పక్కన పెట్టుకునేది. నెలవారీ చార్జీ ఉందో లేదో, ఎంత బ్యాలెన్స్ ఉంటే పడదో అడగాలి. చాలా బ్యాంకులు విద్యార్థులకు కొన్నేళ్లు వదిలేస్తాయి. మన దగ్గర ఆన్‌లైన్‌లో కార్డు వాడితే మామూలుగా ఓటీపీ వస్తుంది, అక్కడ చాలాసార్లు కార్డు నంబర్, వెనకున్న మూడంకెలు చాలు. అందుకే కార్డు పోయిందని తెలిసిన క్షణం ఫోన్ చేయాలి. ఫెడరల్ నిబంధన ప్రకారం తెలిసిన 2 పనిదినాల్లో చెబితే డెబిట్ కార్డు మీద నష్టం 50 డాలర్లు మించదు, ఆలస్యమైతే 500 దాకా పోవచ్చు. స్టేట్‌మెంట్ పంపిన 60 రోజులు దాటాక కూడా చెప్పకపోతే ఆ తర్వాత పోయినదానికి పరిమితే లేదు. మోసపోయి మన చేత్తోనే జెల్‌లో (ఫోన్‌లో ఇంకొకరి అకౌంట్‌కు వెంటనే డబ్బు పంపే సేవ) పంపిన డబ్బు మాత్రం వేరే సంగతి, వెనక్కి రావడం బాగా కష్టం. ఫొటోల్లో తప్ప చూడని ఇంటికి అడ్వాన్స్ పంపించుకునే మోసాలు చాలావరకు ఈ దారినే నడుస్తాయి.

ఇంటి నుంచి ఫీజు డబ్బు తెప్పించుకునేటప్పుడు మన ఊరి బ్రాంచిలో ఐబాన్ నంబర్ (యూరప్ లాంటి చోట్ల వాడే అంతర్జాతీయ అకౌంట్ నంబర్) అడుగుతారు. అమెరికాలో ఐబాన్ లేదు. బ్యాంకును గుర్తించే 9 అంకెల రౌటింగ్ నంబర్, అకౌంట్ నంబర్, బ్యాంకు స్విఫ్ట్ కోడ్ ఇవ్వాలి. కొన్ని బ్యాంకుల్లో చెక్కు కింద ఉండే రౌటింగ్ నంబర్ వేరు, వైర్‌కు ఇవ్వాల్సింది వేరు, యాప్‌లో చూసి ఇచ్చుకోవాలి. ఇటు నుంచి ఇంటికి పంపే దారిలోనూ అకౌంట్ ఉండటం ఇప్పుడు డబ్బు విషయమైంది. 2025 జూలైలో వచ్చిన చట్టం ప్రకారం 2026 జనవరి 1 నుంచి నగదు, మనీ ఆర్డర్, క్యాషియర్స్ చెక్కులతో విదేశాలకు పంపే సొమ్ము మీద 1 శాతం పన్ను. అమెరికా బ్యాంకు అకౌంట్ నుంచో, అక్కడి డెబిట్, క్రెడిట్ కార్డుతోనో పంపితే ఆ పన్ను పడదు.

వెనక ఇండియాలో వదిలొచ్చిన సేవింగ్స్ అకౌంట్‌ను చాలామంది అలాగే నడిపిస్తారు. ఫెమా (మన విదేశీ మారక చట్టం) నిబంధనల ప్రకారం చదువుకో ఉద్యోగానికో వెళ్లినవాళ్లు దాన్ని ఎన్‌ఆర్‌ఓ అకౌంట్‌గా (ఇండియా బయట ఉంటున్నవాళ్ల రూపాయల ఖాతాగా) మార్పించుకోవాలి. అమెరికాలో పన్ను నివాసి అయిన తర్వాత బయటి దేశాల అకౌంట్లన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్క రోజైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ అనే నివేదికను, ఆ అకౌంట్ల వివరాలతో, అమెరికా ప్రభుత్వానికి ఇవ్వాలి. నాన్నగారితో కలిపి ఉన్న జాయింట్ ఫిక్స్‌డ్ డిపాజిట్ కూడా ఆ లెక్కలోకి వస్తుంది. చాలామంది మరిచిపోయేది సరిగ్గా దీన్నే.

ఇంకో మాట. "నాకు ఇంకా అకౌంట్ లేదు, నీ దాంట్లో వేయించుకుంటా" అని పరిచయస్తుడు అడిగితే మొహమాటపడి ఒప్పుకునేవాళ్లు ఉన్నారు. ఎక్కడి నుంచో వచ్చిన డబ్బు, వెంటనే జెల్‌లో ఇంకెక్కడికో పోతుంది. బ్యాంకు కంప్యూటర్ దృష్టిలో అది మనీ లాండరింగ్ లాగే కనిపిస్తుంది, అకౌంట్ కారణం చెప్పకుండానే మూసేస్తారు. పోలీసు కేసైతే వీసా దాకా వస్తుంది.

అకౌంట్ మూయడం గురించి ఎవరూ చెప్పరు. మాస్టర్స్ అయ్యాక వేరే రాష్ట్రంలో ఉద్యోగం వస్తుంది, పాత అకౌంట్‌లో 9 డాలర్లు వదిలేసి వెళ్తారు. విద్యార్థి రాయితీ గడువు అయిపోతుంది, నెలవారీ చార్జీ మొదలవుతుంది, బ్యాలెన్స్ మైనస్‌లోకి జారుతుంది. ఉత్తరాలు పాత మెయిల్‌బాక్స్‌కు పోతుంటాయి, అందులో ఇప్పుడు ఇంకెవరో సాయి పేరుంది. కొన్నాళ్లకు బ్యాంకు అకౌంట్ మూసేసి, బాకీ ఉందని, బ్యాంకు అకౌంట్ల చరిత్ర నమోదు చేసే చెక్స్‌సిస్టమ్స్ అనే సంస్థకు రాసిస్తుంది. ఆ రాత మామూలుగా 5 ఏళ్లుంటుంది, కొత్త అకౌంట్ అడిగిన ప్రతిచోటా చాలా బ్యాంకులు దాన్ని చూస్తాయి. అలా మూడేళ్ల తర్వాత ఒక మనిషి కొత్త ఊళ్లో కౌంటర్ ముందు నిలబడతాడు, ఈసారి సోషల్ సెక్యూరిటీ కార్డు జేబులోనే ఉంటుంది, లీజు తన పేరుననే ఉంటుంది, అయినా తెర మీద వద్దని వస్తుంది. ఆ రిపోర్టు కాపీని చెక్స్‌సిస్టమ్స్ నుంచి ఉచితంగా తెప్పించుకోవచ్చు. అందులో ఉన్న పాత బ్యాంకుకు ఫోన్ చేసి, ఆ నలభయ్యో యాభయ్యో డాలర్లు కట్టి, కట్టినట్టు రాయించుకోవాలి.